కాటా పలకకపోతే ఎంతసేపు ఆగాలి? పైసీరియల్‌లో రీడ్ టైమౌట్ పద్ధతుల పోలిక

ఒక రైస్‌మిల్లులో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ పెట్టిన రెండో వారంలో, రిజిస్టర్‌లో ఒక ధాన్యం లారీ బరువు 284 కిలోలని పడింది. అసలు బరువు 28,460. గుమస్తా చూసి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. అదే 2,846 అని పడి ఉంటే ఏదో చిన్న ట్రాలీ బరువనుకుని ఎవరూ రెండోసారి చూసేవాళ్ళు కాదు, రైతుకు లెక్క అలాగే కట్టేసేవాళ్ళు. కాటా బాగానే ఉంది, కేబులూ బాగానే ఉంది. తప్పు నేను రాసిన రెండు లైన్లలో ఉంది. తెర బిగుసుకుపోకూడదని టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) సున్నా పెట్టాను, దాని కింద ఒక లైను చదివే రీడ్‌లైన్ పిలిచాను. కాటా బరువు చూపించే ఇండికేటర్ పెట్టె కంప్యూటర్‌కు ఒక లైను పంపుతూ ఉండగా నా ప్రోగ్రాం మధ్యలో వెళ్ళి అడిగింది. అప్పటికి చేరిన మూడు అంకెలను పైసీరియల్ (సీరియల్ పోర్టుకు తగిలించిన పరికరాలతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) నా చేతిలో పెట్టింది. మిగిలిన 60 తర్వాతి లైనులా వచ్చింది.

ఆ రోజు నుంచి సీరియల్ పోర్టు కోడ్ ఎవరు చూపించినా నేను మొదట చూసేది టైమౌట్ ఎంత పెట్టారని కాదు, టైమౌట్ అయినప్పుడు చేతికొచ్చిన సగం లైనును ఏం చేస్తున్నారని. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.

ముందు ఒక విషయం. పైసీరియల్‌లో చదివేటప్పుడు టైమౌట్ అయితే అది ఎర్రర్ కాదు. గడువు దాటితే ఎక్సెప్షన్, అంటే పైథాన్ ఇచ్చే ఎర్రర్ సంకేతం, రాదు. అప్పటిదాకా వచ్చిన బైట్లు తిరిగొస్తాయి, ఏమీ రాకపోతే ఖాళీ బైట్లు వస్తాయి. రాసేటప్పుడు మాత్రం వేరు: రైట్ టైమౌట్ దాటితే సీరియల్‌టైమౌట్‌ఎక్సెప్షన్ వస్తుంది. రెండూ ఒకటే అనుకుని, చదివే కోడ్‌ను ట్రై-ఎక్సెప్ట్‌లో పెట్టి నిశ్చింతగా ఉన్న ప్రోగ్రాములు చాలా చూశాను. ఆ ఎక్సెప్ట్ లోపలికి టైమౌట్ ఎన్నడూ రాదు. వచ్చిన బైట్లు ఎన్నో, చివర లైను ముగింపు గుర్తు ఉందో లేదో మీరే చూసుకోవాలి.

పరికరం ఎలా మాట్లాడుతుంది?

ఎంచుకునే ముందు అడగాల్సింది ఇదొక్కటే. కొన్ని పరికరాలు ఎవరూ అడగకపోయినా పంపుతూనే ఉంటాయి. కంటిన్యువస్ మోడ్‌లో ఉన్న కాటా ఇండికేటర్, జీపీఎస్ మాడ్యూల్, సెన్సర్ విలువలు ప్రింట్ చేస్తూ పోయే ఆర్డుయినో ఈ కోవవి. కొన్ని మనం అడిగితేనే చెబుతాయి. మోడ్‌బస్ (ప్రశ్న-జవాబు పద్ధతిలో నడిచే ప్రోటోకాల్) మీద పనిచేసే ఎనర్జీ మీటర్లు, డిమాండ్ మోడ్‌లో పెట్టిన కాటా, ఏటీ కమాండ్లకు జవాబిచ్చే జీఎస్‌ఎం మోడెం రెండో రకం.

మొదటి రకంలో ఒక లైను పోతే ఇంకొకటి వస్తుంది, నష్టం లేదు. సగం లైనును పూర్తి లైను అనుకోవడమే అక్కడ ప్రమాదం. రెండో రకంలో ప్రమాదం ఆలస్యంగా వచ్చిన పాత జవాబు. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

నన్, సున్నా, సెకన్లు

టైమౌట్ ఏమీ ఇవ్వకపోతే పైసీరియల్ దాన్ని నన్ (None, గడువే లేదు) అనుకుంటుంది. అంటే అడిగినన్ని బైట్లు వచ్చేదాకా కదలదు. టేబుల్ మీద ప్రయోగం చేసేటప్పుడు ఇది హాయిగా ఉంటుంది, మిల్లులో పెట్టాక ఉండదు. కాటా వెనక కేబుల్ ఊడితే ప్రోగ్రాం ఆ రీడ్ దగ్గరే నిలబడిపోతుంది. లినక్స్‌లో అయితే కంట్రోల్-సి కొట్టి బయటపడొచ్చు. విండోస్‌లో ఆ రీడ్ ముగిసేదాకా కంట్రోల్-సి కూడా పట్టించుకోదు, టాస్క్ మేనేజర్‌లోంచి చంపాల్సిందే. నన్ పెట్టుకోదగ్గ చోటు నాకు ఒక్కటే కనిపిస్తుంది: చదవడానికే వేరే థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కనే విడిగా నడిచే భాగం) పెట్టి, ఆపాల్సినప్పుడు బయటి నుంచి క్యాన్సిల్_రీడ్ పిలిచే ఏర్పాటు ఉన్నప్పుడు.

సున్నా అంటే ఉన్నది ఇచ్చేయ్, లేకపోతే ఖాళీ చేతులతో వచ్చేయ్ అని. తెర ఆగదు, నిజమే. కానీ దాన్ని ఉత్త వైల్ లూప్‌లో పెడితే ప్రాసెసర్‌లో ఒక కోర్ మొత్తం తినేస్తుంది. రీడ్‌లైన్‌తో కలిపితే నా రైస్‌మిల్లు కథే. టికింటర్ లాంటి తెర ప్రోగ్రాంలో 50 మిల్లీసెకన్లకోసారి వెళ్ళి, వచ్చిన ముక్కలను సొంత బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) కలుపుకునేట్టు రాస్తే సున్నా మంచి ఎంపికే. ఆ బఫర్ లేకుండా మాత్రం వద్దు.

సెకన్లలో ఒక సంఖ్య ఇస్తే, దశాంశం కూడా ఇవ్వొచ్చు, అంతవరకే ఆగుతుంది. చాలామందికి ఇదే సరైనది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. లైను పొడవు ఎంతో తెలియక రీడ్‌కు 100 బైట్లు అని అడుగుతారు. పరికరం 30 బైట్లే పంపితే, మిగతా 70 కోసం ప్రతిసారీ పూర్తి టైమౌట్ అయ్యేదాకా కూర్చుంటుంది. కాటా నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తుంది, తప్పు కాటాది కాదు. ఇన్_వెయిటింగ్‌లో (అప్పటికే వచ్చి ఉన్న బైట్ల లెక్కలో) ఎన్ని బైట్లు ఉంటే అన్ని, ఏమీ లేకపోతే ఒక్కటి అడగండి. మొదటి బైటు వచ్చేదాకా ఆగుతుంది, వచ్చాక ఉన్నదంతా ఒకేసారి లాక్కొస్తుంది. పైసీరియల్‌లోని రీడర్‌థ్రెడ్ కూడా లోపల చేసేది ఇదే.

రీడ్‌లైనా, రీడ్_అన్‌టిలా?

ఈ రెండూ ఒకటే పని చేస్తాయని అనుకుంటారు. టైమౌట్ విషయంలో మాత్రం అసలు పోలిక లేదు.

రీడ్‌లైన్‌ను పైసీరియల్ ప్రత్యేకంగా రాయలేదు, పైథాన్ ఐఓ క్లాసు నుంచి తెచ్చుకుంది. అది లోపల ఒక్కో బైటు చొప్పున రీడ్ పిలుస్తుంది. అంటే మీరిచ్చిన టైమౌట్ లైను మొత్తానికి కాదు, ఒక్కో బైటుకు. టైమౌట్ 1 సెకను పెట్టి, 20 బైట్ల లైనులో పరికరం బైటుకు 0.9 సెకన్లు తీసుకుంటే రీడ్‌లైన్ 18 సెకన్లు ఆగుతుంది, టైమౌట్ కాదు. అంత నత్తనడక పరికరం ఎక్కడుంటుందని మీరనవచ్చు. ఇంతకంటే తరచుగా జరిగేది చెబుతాను. రీడ్‌లైన్ లైన్‌ఫీడ్ అనే అక్షరం కోసం చూస్తుంది. చాలా కాటా ఇండికేటర్లు లైను చివర క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపుతాయి, లైన్‌ఫీడ్ పంపవు. కంటిన్యువస్ మోడ్‌లో బైట్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి కాబట్టి ఒక్కో బైటు టైమౌట్ ఎప్పటికీ తీరదు. ఎదురుచూసే అక్షరమూ ఎప్పటికీ రాదు. టైమౌట్ 1 సెకను పెట్టి ఉన్నా రీడ్‌లైన్ తిరిగే రాదు, లోపల మెమరీ పెరుగుతూ పోతుంది. టైమౌట్ పెట్టాను కదా ఎందుకు ఆగిపోయింది అని అడిగే వాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే.

రీడ్_అన్‌టిల్‌కు ముగింపు గుర్తు ఏదో మీరు చెప్పొచ్చు. ఎన్ని బైట్లకు మించకూడదో కూడా చెప్పొచ్చు. మొత్తం లైనుకు ఒక గడియారం పెట్టుకుని, ప్రతి బైటు తర్వాత గడువు దాటిందా అని చూస్తుంది. గడువు ముగిసేముందు ఒక బైటు వచ్చి, ఆ తర్వాత నిశ్శబ్దమైతే మీరిచ్చిన టైమౌట్‌కు దాదాపు రెండింతలు పట్టొచ్చు, అంతకు మించి పోదు. కాబట్టి ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను వెనకాడకుండా రీడ్_అన్‌టిల్ అంటాను. వెర్షన్ 3.5లో దాని ముగింపు గుర్తు ఆర్గ్యుమెంట్ పేరు టెర్మినేటర్ నుంచి ఎక్స్‌పెక్టెడ్‌గా మారింది. పేరు రాయకుండా విలువ నేరుగా ఇస్తే పాత మిషన్లలోనూ కొత్త వాటిలోనూ నడుస్తుంది.

అయితే రీడ్_అన్‌టిల్ కూడా టైమౌట్ అయితే సగం లైనునే ఇస్తుంది. చివర ముగింపు గుర్తు లేని దాన్ని పారేస్తే, మిగతా సగం తర్వాతి పిలుపులో ముగింపు గుర్తుతో సహా వచ్చి పూర్తి లైనులా నటిస్తుంది.

నేను పెట్టేది: చిన్న టైమౌట్, సొంత బఫర్, సొంత గడువు

ఆగకుండా పంపే పరికరాలకు ఇప్పుడు నేను ఇదే వాడుతున్నాను, మీకూ ఇదే చెబుతాను. పోర్టు టైమౌట్ 0.1 సెకను. అది పరికరం గురించి ఏమీ చెప్పదు. ప్రోగ్రాం మధ్యమధ్యలో ఊపిరి తీసుకుని, ఆపు బటన్ నొక్కారా అని చూసుకోవడానికి మాత్రమే ఆ 0.1. వచ్చిన బైట్లన్నీ ఒక బైట్‌అర్రేలో చేరతాయి. అందులో ముగింపు గుర్తు కనిపించినప్పుడల్లా అక్కడిదాకా కోసి ఒక లైనుగా తీసుకుంటాను. గుర్తు రాకపోతే ఆ ముక్క అక్కడే ఉండి, తర్వాతి బైట్లతో అతుక్కుంటుంది. టైమౌట్ ఎక్కడ అయినా లైను మాత్రం విరగదు. 284 అన్న అంకె ఇందులో పుట్టే దారి లేదు.

పరికరం బతికి ఉందా లేదా అన్నది వేరే లెక్క. చివరిసారి సరైన లైను ఎప్పుడు వచ్చిందో గుర్తు పెట్టుకుని, 2 సెకన్లు దాటితే కాటా పలకట్లేదు అంటాను. ఈ గడియారానికి టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ వాడండి, మామూలు టైమ్ వద్దు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో 5వ తరానికి ముందు సొంత గడియారం లేదు. కరెంటు వచ్చి బోర్డు లేచాక, నెట్ దొరికిన క్షణంలో టైము ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మామూలు టైముతో లెక్క కడితే కాటా గంటల తరబడి పలకనట్టు తేలుతుంది. మోనోటానిక్ అలా దూకదు.

బఫర్‌కు ఒక హద్దు కూడా పెట్టండి. 4,096 బైట్లు చేరినా ముగింపు గుర్తు రాలేదంటే బాడ్ రేటు (తీగ మీద బిట్లు వెళ్ళే వేగం) తప్పు, లేకపోతే మీరు వెతుకుతున్న గుర్తు తప్పు. బఫర్ ఖాళీ చేసి, ఆ సంగతి లాగ్‌లో రాసుకోండి.

ఇంత చేసినా మొదటి లైను ఒకటి మిగులుతుంది. మీరు పోర్టు తెరిచేసరికి కాటా లైను మధ్యలో ఉండొచ్చు. అప్పుడు 8460 అని, చివర గుర్తుతో సహా, చక్కటి లైను వస్తుంది. అందుకని పోర్టు తెరవగానే మొదటి గుర్తు దాకా వచ్చినదంతా పారేయాలి. తర్వాతి లైన్లను కూడా పొడవుతో, మొదటి అక్షరంతో సరిచూడాలి. కొన్ని ఇండికేటర్లు లైను మొదట్లో ఎస్‌టీఎక్స్ అనే గుర్తు పంపుతాయి, ఉంటే అది గట్టి ఆధారం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) వాడితే సెర్చ్ కాదు, లైను మొత్తం నమూనాకు సరిపోవాలనే ఫుల్‌మ్యాచ్ వాడండి. నేను ఆ రోజు సెర్చ్ వాడాను. అది ఎక్కడ అంకెలు దొరికినా బరువు అనుకుంది.

సంఖ్య ఎంత?

9600 బాడ్ మీద, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్ అంటే ఒక బైటుకు తీగ మీద 10 బిట్లు. సెకనుకు 960 బైట్లు. 18 అక్షరాల కాటా లైనుకు దాదాపు 19 మిల్లీసెకన్లు. అదే 1200 బాడ్ మీద ఉన్న పాత ఇండికేటరైతే 150 మిల్లీసెకన్లు. దానికి యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ ఆలస్యం కలపాలి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్లు చిన్న చిన్న ముక్కలను వెంటనే పంపవు, మామూలుగా 16 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతాయి. లినక్స్‌లో లేటెన్సీ టైమర్ అనే ఫైలులో ఈ విలువ తగ్గించవచ్చు. అది తెలియకుండా 5 మిల్లీసెకన్ల టైమౌట్ పెడితే బైట్లు కన్వర్టర్‌లో కూర్చుని ఉండగానే మీరు రాలేదు అనుకుంటారు.

లైను పట్టే సమయం ఒకటి, రెండు లైన్ల మధ్య విరామం మరొకటి. నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్ మామూలుగా 9600 మీద సెకనుకోసారి కొన్ని వాక్యాలు గబగబా పంపి, తర్వాతి సెకను దాకా మౌనంగా ఉంటుంది. అక్కడ 0.3 సెకన్ల టైమౌట్‌కు ఖాళీ రావడం లోపం కాదు, దాని పద్ధతి అంతే. జీపీఎస్ పోయిందని చెప్పడానికి 3 సెకన్లు ఆగండి. ఆర్డుయినో ఊనో అయితే పోర్టు తెరవగానే డీటీఆర్ అనే సంకేతపు తీగ వల్ల బోర్డు రీసెట్ అవుతుంది. బూట్‌లోడర్ దాటి మీ ప్రోగ్రాం లేచేదాకా 2 సెకన్లు ఏమీ అడగకండి.

అడిగితే చెప్పే పరికరాలు

ఇక్కడ నా బఫర్ పద్ధతి అలాగే పెడితే ప్రమాదం. ఒక ఎనర్జీ మీటర్‌ను ఓల్టేజీ ఎంత అని అడిగారు. మీ టైమౌట్‌లోపు జవాబు రాలేదు. వదిలేసి, కరెంటు ఎంత అని అడిగారు. ఈలోగా మొదటి జవాబు వచ్చి పడింది. 230 అని చదివి, 230 ఆంపియర్లు అని రాసుకున్నారు. మోడ్‌బస్‌లో ఇది ఇంకా కష్టం, ఎందుకంటే రిజిస్టర్లు చదివే జవాబులో ఏ రిజిస్టర్‌దో ఉండదు. మీటరు నంబరు, ఫంక్షన్ నంబరు, ఎన్ని బైట్లో, విలువలు, చివర సీఆర్‌సీ (బైట్లు చెడిపోలేదని సరిచూసుకునే కోడ్), అంతే. సీఆర్‌సీ కూడా సరిపోతుంది. పాత జవాబని తెలుసుకునే ఆనవాలు ఏదీ లేదు.

కాబట్టి ఈ రకానికి టైమౌట్ ఉదారంగా పెట్టండి. 8 బైట్ల ప్రశ్న, రెండు రిజిస్టర్లకు 9 బైట్ల జవాబు, బైటుకు 11 బిట్లు అనుకుంటే 9600 మీద తీగ సమయం 20 మిల్లీసెకన్లే. కానీ మీటరు ఆలోచించుకునే సమయం దానికదే వేరు. నేను 1 సెకను పెడతాను. జవాబు వచ్చిన వెంటనే రీడ్ తిరిగొస్తుంది కాబట్టి, ఎక్కువ పెట్టినా రోజువారీ వేగం తగ్గదు. జవాబు పొడవు ముందే తెలుసు కాబట్టి సరిగ్గా 9 బైట్లే అడగండి. టైమౌట్ అయితే వెంటనే మళ్ళీ అడగకుండా, ఇంకొంచెం ఆగి, వచ్చి పడిన పాత బైట్లను పారేసే రీసెట్_ఇన్‌పుట్_బఫర్ పిలిచి, అప్పుడు అడగండి. ప్రతి ప్రశ్నకు ముందు అది పిలవడం అలవాటు చేసుకుంటే మరీ మంచిది. పంపుతూ పోయే కాటాకు మాత్రం అలా చేయకండి, ప్రతిసారీ లైను మధ్యలో నరికినట్టవుతుంది.

ఒకటి రెండు మీటర్లు దాటితే మోడ్‌బస్‌ను చేత్తో రాయకండి. మినిమల్‌మాడ్‌బస్, పైమాడ్‌బస్ అనే లైబ్రరీలు ఉన్నాయి.

పైసీరియల్‌లో ఇంటర్_బైట్_టైమౌట్ (రెండు బైట్ల మధ్య గడువు) అని ఒకటుంది. మోడ్‌బస్‌లో రెండు సందేశాల మధ్య కావలసిన మూడున్నర అక్షరాల విరామం దీంతో పట్టొచ్చని ఆశ పుడుతుంది. 9600 మీద ఆ విరామం 4 మిల్లీసెకన్లు. లినక్స్‌లో ఈ సెట్టింగు వీటైమ్ అనే సిస్టమ్ గడువు ద్వారా నడుస్తుంది, దాని కొలత సెకనులో పదో వంతు. 4 మిల్లీసెకన్లను 100 మిల్లీసెకన్ల కుంచంతో కొలవలేం. నేను దాన్ని ముట్టుకోను.

థ్రెడ్, అసింక్‌ఐఓ

ఒకే కాటా, ఒకే తెర ఉంటే ఒక రీడర్ థ్రెడ్, ఒక క్యూ చాలు. థ్రెడ్ చదివి లైన్లను క్యూలో వేస్తుంది, తెర అక్కడి నుంచి తీసుకుంటుంది. పైసీరియల్‌తో వచ్చే థ్రెడెడ్ మాడ్యూల్‌లో లైన్‌రీడర్ అనే తయారు క్లాసు ఉంది. ప్రోగ్రాం ఇప్పటికే అసింక్‌ఐఓ (ఒకే థ్రెడ్‌లో చాలా పనులు నడిపే పైథాన్ మాడ్యూల్) మీద ఉంటే పైసీరియల్-అసింక్‌ఐఓ వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అక్కడ గడువు పైథాన్ వెయిట్_ఫర్ చూసుకుంటుంది. ఒక్క కాటా కోసం మాత్రం ప్రోగ్రాం మొత్తాన్ని అసింక్‌లోకి మార్చకండి.

కేబుల్ పీకి చూడండి

ఏ పద్ధతి ఎంచుకున్నా అప్పగించే ముందు రెండు కేబుళ్ళూ పీకి చూడాలి. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ పీకితే సీరియల్‌ఎక్సెప్షన్ వస్తుంది, లినక్స్‌లో ఇన్_వెయిటింగ్ దగ్గరైతే ఓఎస్‌ఎర్రర్ కూడా రావచ్చు. రెండూ పట్టుకుని పోర్టు మళ్ళీ తెరిచే ప్రయత్నం చేయాలి. కానీ కాటా వెనక ఉన్న తొమ్మిది పిన్నుల కనెక్టర్ పీకితే ఏ ఎక్సెప్షనూ రాదు. కన్వర్టర్ అక్కడే ఉంది, పోర్టు తెరిచే ఉంది, బైట్లు మాత్రం లేవు. మిల్లులో ఎలుక కొరికేదీ, లారీ టైరు నలిపేదీ ఈ కేబులే. దాన్ని చెప్పగలిగేది మీ గడువు లెక్క ఒక్కటే.

పరికరం చేతిలో లేకపోతే పైసీరియల్ లూప్ అనే ఉత్తుత్తి పోర్టు ఇస్తుంది, రాసింది తిరిగి చదువుకోవచ్చు. లైనును సగం రాసి, అర సెకను ఆగి, మిగతా సగం రాయండి. మీ ప్రోగ్రాం ఒక్క బరువే చూపిస్తే దాటినట్టు. లినక్స్‌లో పోర్టు తెరిచేటప్పుడు ఎక్స్‌క్లూజివ్ ట్రూ అని కూడా పెట్టండి. అది లేకుండా, పక్క విండోలో మీ ప్రోగ్రాం ఇంకో కాపీ మర్చిపోయి ఉంటే సగం బైట్లు అది తింటుంది, మీరు టైమౌట్‌లో తప్పు వెతుకుతూ ఒక పూట పోగొట్టుకుంటారు.

ఇక తెర సంగతి. కనెక్టర్ పీకిన 2 సెకన్లకు నా ప్రోగ్రాంలో పాత బరువు మాయమై, దాని చోట గీతలు పడతాయి, సేవ్ బటన్ పనిచేయడం మానేస్తుంది. ఆ పాత అంకె అక్కడే నిలిచి ఉంటే, తర్వాత కాటా ఎక్కిన లారీకి ముందు లారీ బరువు పడుతుంది.